ఆంటీ వాళ్ళ చెల్లెలి అడ్మిషన్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. గొప్పకి చెప్పడం లేదు, పెద్ద జబ్బు చేసి లేచినవాడు దాని గురించి చెప్పినట్టే చెబుతున్నాను. కెనడాలోని విన్నిపెగ్‌లో చదువుకుంటూ, శనాదివారాలు ఒక ఇండియన్ గ్రోసరీ షాపులో పనిచేసేవాణ్ణి. ఆ ఊళ్ళో చలికాలమంటే ఊపిరి పీల్చినప్పుడల్లా ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే కాలం. సాయంత్రం కాకముందే చీకటి. రోడ్ల మీది ఉప్పునీ బురదమంచునీ జనం బూట్లతో మోసుకొచ్చి షాపు గుమ్మంలో దులిపేవాళ్ళు, నేను తుడిచేవాణ్ణి. తుడవడం, బిల్లు కొట్టడం, బియ్యం బస్తాలు కార్ల దాకా మొయ్యడం, ఇదీ నా ఉద్యోగం. కానీ షాపుకొచ్చే కుర్రాళ్ళు నన్ను ఆ పనులతో గుర్తుపట్టేవాళ్ళు కాదు. వాళ్ళకి నేను ‘అడ్మిషన్ అన్న’ని.

ఆ బిరుదు వచ్చిన తీరు కూడా ఏమంత గొప్పది కాదు. ఒకసారి ఎవరో కుర్రాడు పెసరపప్పు కొనడానికొచ్చి, “అన్నా, మా తమ్ముడు అప్లై చేద్దామనుకుంటున్నాడు. జనవరి ఇన్‌టేక్ మంచిదా, సెప్టెంబరా?” అని అడిగాడు. నేను తలెత్తకుండా “సెప్టెంబర్” అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. తలెత్తకుండా చెప్పడంలో ఏదో మహత్తు ఉందనుకుంటాను. ఆ తమ్ముడికి సీటొచ్చింది (జనవరికి పెట్టినా వచ్చేదే). అక్కణ్ణుంచి మొదలైంది. బ్యాక్‌లాగ్స్ ఎన్ని ఉంటే ఊరుకుంటారు, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో రైటింగ్ ఒక్కటి తగ్గితే మళ్ళీ రాయాలా, రికమండేషన్ ఇస్తానన్న సార్ రిటైరైపోతే ఆ సంతకం చెల్లుతుందా, ఎస్ఓపీ (ఈ చదువే ఎందుకో చెప్పుకునే వ్యాసం) సొంతంగా రాయాలా లేక బాగా రాసినవాళ్ళది తీసుకుని ఊరిపేరు మారిస్తే సరిపోతుందా... అన్నిటికీ నా దగ్గర జవాబులుండేవి. బిల్లింగ్ మెషీన్ బీప్‌మన్నంత వేగంగా వచ్చేవి.

అసలు సంగతి ఏమిటంటే, నా అప్లికేషన్ నేను నింపలేదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు సంతకం పెట్టమన్నచోటల్లా పెట్టాను. నాకు చిన్నప్పటి నుంచీ సప్లై చైన్ అంటే ప్రాణమని నా ఎస్ఓపీలో ఉందట (ఆ మాట నేను మొదటిసారి విన్నది విన్నిపెగ్‌లో, క్లాసులో కూర్చున్నాక). ఏ కాలేజీకి వెళుతున్నానో తెలుసు, ఏం చదవబోతున్నానో మాత్రం విమానంలో పక్క సీటు ఆయన అడిగితే చెప్పలేకపోయాను. అలాంటివాణ్ణి, ఆరు నెలలు తిరిగేసరికి ఇంకొకళ్ళకి దారి చూపించే స్థితికొచ్చాను. మా ఓనరన్న మాత్రం, “అరే, బిల్లు కొడుతున్నవా, కౌన్సెలింగ్ చేస్తున్నవా? లైన్ గుమ్మం దాక పోయింది, జెర చూడు,” అని గొణిగేవాడు. కానీ నన్ను ఆపలేదు. అడగడానికొచ్చినవాడు ఉత్తచేతుల్తో పోలేక ఒక మ్యాగీ ప్యాకెట్టయినా కొనేవాడు మరి.

మనవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇలాంటి ప్రశ్నలు ఎవరూ తమకోసం అడగరు. “మా రూమ్మేట్ ఒకడున్నాడన్నా, వాడికి ఏడు బ్యాక్‌లాగ్స్” అంటారు. “మా కజిన్ ఒకతి ఉంది, రెండుసార్లు రిజెక్ట్ అయింది” అంటారు. అడిగి లేదనిపించుకుంటే ఆ ‘లేదు’ రూమ్మేట్ ఖాతాలోకి పోవాలి, మనకి అంటకూడదు. ఈ కిటుకు నాకు బాగా తెలుసు. “మీ రూమ్మేట్ నీ జాకెట్టే వేసుకున్నట్టున్నాడే” అనేవాణ్ణి. వాడు సిగ్గుపడి నవ్వేవాడు, వెనక లైన్లోవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. అదే నాకు ఆ వారానికి జీతంలా ఉండేది. కుర్రాళ్ళ విషయంలో ఇంత కనిపెట్టినవాణ్ణి, కరివేపాకు ఆంటీ దగ్గరికొచ్చేసరికి నా కళ్ళకి ఏమైందో ఇప్పటికీ అర్థం కాదు.

ఆవిడ పేరు నాకు తెలియదు. విజయనగరం వైపు మాట. టొరంటో నుంచి కరివేపాకు దిగే రోజున తప్పకుండా వచ్చేది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాం. నలభై దాటి ఉంటాయి. లావుపాటి నీలం కోటు, దాని భుజం మీదో వీపు మీదో ఎప్పుడూ ఒక నక్షత్రం స్టిక్కరో, కుందేలు బొమ్మో అంటుకుని ఉండేది. చేతులకి జిగురుతో అంటుకున్న మెరుపుల పొడి. నేను అవన్నీ చూశాను. చూసి ఊరుకున్నాను. ఆవిడ ఒకసారి కౌంటర్ దగ్గర జనం పలచబడేదాకా ఆగి, మెల్లిగా అడిగింది.

“బాబూ, మా చెల్లెలు ఒకతి ఉంది. ఇక్కడే పీఆర్ మీద స్థిరపడింది. డేకేర్‌లో హెల్పర్‌గా చేస్తోంది. ఆ పిల్లల టీచర్ కోర్సు చేస్తే సొంతంగా క్లాస్ ఇస్తారట. దానికి అప్లై చెయ్యాలంటే ఏం కావాలి?”

“ఇప్పుడేం పనిస్తారు ఆంటీ ఆవిడకి?”

“ముక్కులు తుడవడం, బూట్లు తొడగడం. పిల్లలకి కథ చెబుదామన్నా టీచర్ వచ్చి కూర్చోవాలి. నన్నొక్కదాన్నే వదలరు కదా, సర్టిఫికెట్ లేదని.”

ఆ ‘నన్నొక్కదాన్నే’ అన్న మాట దగ్గరైనా నేను ఆగాల్సింది. ఆగలేదు. డిగ్రీ మార్కులు కావాలన్నాను. ఇంగ్లీషు పరీక్ష తప్పనిసరి అన్నాను (ఇండియా నుంచి వచ్చే కుర్రాళ్ళకి చెప్పేదే ఈవిడకీ చెప్పాను, నాకు తెలిసింది అదొక్కటే). తర్వాతి వారం వచ్చి, డిగ్రీ ఆఖరి ఏడాదిలో పెళ్ళయి పరీక్షలు రాయలేకపోతే ఎలా అని అడిగింది. కష్టం ఆంటీ అన్నాను. ఇంకో వారం వచ్చి, మధ్యలో గ్యాప్ ఉంటే ఏమైనా ఇబ్బందా అని అడిగింది. ఆ రోజు శనివారం. లైన్ నిండా కుర్రాళ్ళు.

“ఎంత గ్యాప్ ఆంటీ?”

“అంటే... ఇరవై ఏళ్ళ పైనే.”

నేను చేతిలో ఉన్న ఇడ్లీరవ్వ ప్యాకెట్టు కింద పెట్టి, అందరికీ వినబడేలా, “అది గ్యాప్ కాదు ఆంటీ, వానప్రస్థం,” అన్నాను. నవ్వులు మొదలయ్యాయి. మొదలైతే నేను ఆగే రకం కాదు. “ఈ వయసులో ఎవరిస్తారు ఆంటీ సీటు? ఒకవేళ ఇచ్చారే అనుకోండి, మీ చెల్లెలు క్లాసులోకి వెళితే లెక్చరర్ వచ్చిందనుకుని పిల్లలందరూ లేచి నిలబడతారు.” వెనకెవడో ఈల వేశాడు. మా ఓనరన్న కూడా చింతపండు పేరుస్తున్నవాడల్లా ఆగి నవ్వాడు. ఆంటీ కూడా నవ్వింది. “అవును కదా,” అంది. కరివేపాకు తీసుకుని, హుడ్ తలమీదికి లాక్కుని వెళ్ళిపోయింది. ఆవిడ నవ్వింది కాబట్టి జోకు పేలిందనే నేను అనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆవిడ రాలేదు. చలి ఎక్కువగా ఉంది కదా అనుకున్నాం. ఒక ఆదివారం వాళ్ళాయన ఒక్కరే వచ్చారు. కందిపప్పుకీ శనగపప్పుకీ మధ్య చాలాసేపు నిలబడి, చివరికి రెండూ తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. మర్యాదకి పలకరించాను.

“అంకుల్, మీ మరదలుగారు అప్లై చేశారా మరి?”

“మరదలా? నాకా?” అన్నారాయన. తర్వాత నవ్వారు. “మా ఆవిడ ఒక్కతే కూతురయ్యా. మరదలుంటే ఇల్లు కాస్త సందడిగా ఉండును. దేనికి అప్లై?”

“అబ్బే, ఇంకెవరో అనుకున్నాను అంకుల్.”

“మా ఆవిడే ఈ మధ్య ఏదో కోర్సు చదువుతానని మొదలెట్టింది. డేకేర్‌లో చేస్తుందిలే. రాత్రీ పగలూ అదే మాట. మళ్ళీ తనే మానేసింది. ఏమైందో చెప్పదు.” ఆయన నా చేతి వంక చూసి, “బాబూ, ఆ పప్పు ఇప్పటికి మూడుసార్లు కొట్టావు,” అన్నారు.

నీలం కోటు మీద నక్షత్రాలు అప్పుడు కనబడ్డాయి నాకు. ఒకటొకటిగా, అన్నీ.

మర్నాడు మా కాలేజీలో అడ్మిషన్ల కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. రోజూ దాని ముందు నుంచే క్లాసుకి పోయేవాణ్ణి, ఎప్పుడూ ఆగింది లేదు. అక్కడ కూర్చున్నావిడని అడగడానికి నాకు పట్టిన సమయం కన్నా, చెప్పడానికి ఆవిడకి పట్టిన సమయం తక్కువ. ఇక్కడ స్థిరపడినవాళ్ళకి, స్కూలు వయసు దాటినవాళ్ళకి వేరే దారి ఉందట. పాత చదువు సగంలో ఆగినా ఫరవాలేదట. ఇంగ్లీషుకి వాళ్ళే ఒక చిన్న పరీక్ష పెడతారట. డేకేర్‌లో చేసిన అనుభవం ఉంటే మరీ మంచిదట. “ఈ సెప్టెంబర్‌కి మాత్రం గడువు పోయిన వారమే ముగిసింది,” అని, నా మొహం చూసి, “సారీ,” అంది. ఆవిడెందుకు సారీ చెప్పాలి, పాపం.

ఆంటీ మళ్ళీ వచ్చేసరికి మంచు కరగడం మొదలైంది. కుర్రాళ్ళెవరూ లేని వేళ చూసుకుని వచ్చింది. నేను నోరు తెరిచేలోపే, “మా ఆయన చెప్పారు బాబూ, నువ్వు మా చెల్లెలి గురించి అడిగావని,” అంది. ఇద్దరికీ తెలుసు. అయినా ఆ చెల్లెల్ని మా మధ్య అలాగే నిలబెట్టి ఉంచాం. ఆమె లేకపోతే మేము ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవాల్సి వచ్చేది.

“నేను తప్పు చెప్పానాంటీ. ఏమీ తెలియకుండా చెప్పాను. మీ చెల్లెలికి సీటొచ్చేదే.” కాలేజీలో విన్నదంతా చెప్పాను. ఆవిడ కరివేపాకు కట్టలో ఎండిన రెబ్బలు ఏరుతూ విన్నది.

“మరి ఆ రోజు అంత గట్టిగా చెప్పావు కదా బాబూ. కాలేజీలో చదివేవాడివి, నీకు తెలిసే ఉంటుందనుకుంది.”

“వచ్చే ఏడాదికి పెట్టొచ్చాంటీ.”

“వచ్చే ఏడాది ఇక్కడ ఉండదు. వాళ్ళాయనకి ఒట్టావా పక్కన కనాటా అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వేసవిలో వెళ్ళిపోతారు.” ఇంకో ఎండిన రెబ్బ తీసి పక్కన పెట్టి, “అక్కడ కూడా ఉంటుందా, ఈ పెద్దవాళ్ళ దారి?” అంది.

నాలిక చివరిదాకా వచ్చింది ‘ఉంటుంది’ అని. “నాకు తెలియదాంటీ,” అన్నాను. “కనుక్కుని చెప్తాను.”

“సరే. నిదానంగా కనుక్కో. మళ్ళీ వస్తాగా.”

కనుక్కున్నాను. ఒట్టావా వైపు కాలేజీలకి ఫోన్లు చేశాను, వాళ్ళు వినిపించిన సంగీతమంతా విన్నాను, ఒకరు ఇంకొకరికి కలిపితే ఆ ఇంకొకరికీ మొదటినుంచి చెప్పాను. అక్కడా ఉంది. ఏం కావాలో, ఎప్పట్లోగా పెట్టాలో, అన్నీ తెలుసుకున్నాను. నా బతుకులో నేను కష్టపడి తెలుసుకున్న మొదటి జవాబు అదే. శనివారం శనివారం కరివేపాకులో ఒక మంచి కట్ట పక్కకి తీసిపెట్టి కూర్చున్నాను. సాయంత్రానికి దాన్ని మళ్ళీ బుట్టలో వేసేవాణ్ణి. జూన్‌లో ఒకరోజు ఉండబట్టలేక ఓనరన్నని అడిగాను.

“వాళ్ళు పోయిన్రు గదరా. మొన్న బుధవారం. పోతమని చెప్పనీకె వచ్చిన్రు. నువ్వు క్లాసుల ఉన్నవ్.”

“ఏమైనా అన్నారా అన్నా?”

“ఏమంటది? నువ్వేడని అడిగింది. లేడన్న. జెరసేపు ఆగి చూసింది, పోయింది.”

ఫోన్ నంబర్ లేదు. పేరు తెలియదు. ఓనరన్నకీ తెలియదు. కనాటాలో నీలం కోటు వేసుకున్న ఆంటీ కావాలని ఎవర్ని అడుగుతాం? అడిగిన ప్రశ్నకి జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఆవిడ అక్కడ తనే వెళ్ళి అడిగిందని, ఎవరో నాకంటే మంచివాళ్ళు తలెత్తి చూసి చెప్పారని, ఇప్పుడు చాప మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని టీచర్ తోడు లేకుండా కథ చెబుతోందని అనుకుంటూ ఉంటాను. అనుకోవడమే, నాకు తెలియదు.

ఇన్నేళ్ళయ్యాక, మొన్న ఇక్కడ మనవాళ్ళ పొట్లక్‌కి (తలా ఒక వంటా తెచ్చుకునే విందు) వెళ్ళాను. పులిహోర గిన్నెల పక్కన ఒక కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలి, చుట్టూ చేరినవాళ్ళకి అడ్మిషన్ల సంగతులన్నీ చెప్పేస్తున్నాడు. తలెత్తడం లేదు. ఫోన్ చూసుకుంటూనే చెబుతున్నాడు. వాళ్ళు నవ్వుతున్నారు. నేను పళ్ళెం పట్టుకుని వెనకాల నిలబడి విన్నాను. వెళ్ళి భుజం తట్టి ఏదో చెబుదామనిపించింది గానీ, ఆ వయసులో నాకెవరైనా చెబితే ఆయన మీదా ఒక జోకు వేసి ఉండేవాణ్ణి. ఇంతలో వాడే నన్ను చూశాడు. నెరుస్తున్న నా జుట్టు చూసి, కాస్త మర్యాదగా కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

“చెప్పండి అంకుల్. మీ అబ్బాయికా?”

మావాడు ఇంకా డైపర్లు వేసుకుంటున్నాడు. “అవును బాబూ,” అని ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎందుకో చాలాసేపటిదాకా నవ్వు ఆగలేదు నాకు.