బూజెమా రాసిన పేరు

ఒరాన్ రేవుపట్నంలోని ఓ పేటలో కుర్రాళ్లకు బాక్సింగ్ నేర్పే బూజెమా ఏటా తన హాలుకిచ్చే గ్రాంటు కోసం మునిసిపాలిటీ మెట్లెక్కుతాడు. నాలుగో మెట్టు మీద ఆగి మోకాలు నిమురుకుంటాడు. ఎంత సముద్రపు గాలి వీచినా అతని చొక్కాకి పట్టిన గ్లోవ్స్ తోలు వాసన పోదు.

"ఈ గ్రాంటు పోలీసు కేసులున్న పిల్లల్ని దారిలో పెట్టేవాళ్లకే. అలాంటి పిల్లల పేర్లు రాయండి బాబాయ్. లేకపోతే ఈసారి హాలుకి తాళమే," అంది గుమాస్తా నసీమా.

"కేసుల్లో పడకముందే పట్టుకొస్తున్నాను కదా తల్లీ!"

"ఒక్కడూ చెడిపోలేదా? మరీ ఇంత బాగా నేర్పితే ఎలా బాబాయ్?"

బూజెమా దరఖాస్తు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పిల్లల ముఖాలు ఒక్కొక్కటే కళ్ల ముందు కదిలాయి. వాళ్లలో ఏ ఒక్కరినీ ఆ కాగితానికి అప్పగించడానికి మనసొప్పలేదు. కలం అందుకుని, పదహారో ఏట తాను జైలుకెళ్లిన సంవత్సరంతో సహా తన పేరే రాశాడు.