దిగని గుండు

మా మరిది హోబర్ట్ స్ట్రౌడ్‌తో మాటకు దిగి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. ఆ వేసవిలో ఎల్డన్ తుపాకుల కొట్లో అయితే కొట్టువాణ్ణీ, కొనడానికొచ్చిన ఆడకూతురినీ కలిపి ఓడించాడు.

ఆ అమ్మాయి పేరు ట్వైలా. స్కూలు బస్సు నడుపుతుంది. గొట్టంలో మందు దట్టించి కాల్చే తుపాకులకని సెప్టెంబరులో విడిగా వేట ఉంటుంది మాకు. ఆ వేటలో గుర్రమంత ఎల్క్ దుప్పిని కొట్టడానికి ఆమెకు మొదటిసారి ట్యాగు, అదే సర్కారిచ్చే అనుమతి చీటీ, వచ్చింది. ఎల్డన్ కొత్తరకం తుపాకీ ఒకటి బల్ల మీద పెట్టాడు. పొడుగు సీసపు గుండు వేసేది, గురి చూసే చోట ఆకుపచ్చ చుక్క మెరిసేది. ఆ వేటకి దుర్బిణీ బిగించనివ్వరు కనుక కొత్తవాళ్ళకి ఆ చుక్కే దిక్కు.

"ఇదేంటమ్మాయ్, తుపాకీయా, క్రిస్మస్ చెట్టా?" అన్నాడు హోబర్ట్.

"ఎల్క్ భుజమంటే మాటలా హోబర్టూ! గుండు లోతుకి దిగొద్దూ?" అన్నాడు ఎల్డన్.

"మా తాత గుడ్డపేలికలో చుట్టిన గుండ్రటి గుండుతోనే కొట్టాడు. నూరు గజాల నుంచి నేనూ కొడుతున్నా. నువ్వేం కొట్టావురా, బల్ల మీద ఈగల్ని తప్ప?"

కొట్టంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ట్వైలా చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో మాట లేకుండా పాతరకం తుపాకీ, గుండ్రటి గుండ్ల డబ్బా కొనుక్కుని పోయింది.

హోబర్ట్ గుర్రాలకు నాడాలు కొట్టి బతికినవాడు. నడుము వంగిపోయినా ఎవరి సాయమూ అడగడు. మా ఆయన పోయాక ఏ చలికాలమూ నా పొయ్యికి కట్టెలు తక్కువ కానివ్వలేదు. ఏటా తను కొట్టిన ఎల్క్‌లో సగం తెచ్చి నా ఫ్రీజరులో సర్ది వెళ్ళేవాడు. అందులో వంక పెట్టడానికి లేదు. నోరొక్కటే ఎవరి మాటా విననిది.

సెప్టెంబరు వచ్చింది. ట్వైలా నూరు గజాల నుంచి ఒక ఆడ ఎల్క్‌ని కొట్టింది. అది పడలేదు. నెత్తుటి చుక్కలు పట్టుకుని లోయంతా వెతికింది, దొరకలేదు. దెబ్బ తగిలిన జంతువుని పోగొట్టుకున్నవాళ్ళు ఆ ఏడాది ఇక తుపాకీ ముట్టరు, ట్యాగు చించేస్తారు. సర్కారు అడగదు, మేము అడుగుతాం. శనివారం పొద్దున అందరూ కాఫీ తాగుతుండగా ట్వైలా కొట్లోకి వచ్చి, బల్ల దగ్గర నిలబడి తన ట్యాగు చించింది.

"తుపాకీ తప్పేం లేదు పెద్దాయనా. నాకే కాల్చడం రాదు" అంది హోబర్ట్‌తో.

కళ్ళనిండా నీళ్ళు. హోబర్ట్ కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. జాలిపడుతున్నాడు కాబోలు అనుకున్నాను.

ఆ సాయంత్రం నేను బీన్సు ఉడకబెడుతుంటే వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"వదినా, ఆ పిల్ల గురి తప్పలేదు. నేను వెళ్ళి ఆ చోటు చూసొచ్చా. వెంట్రుకలూ, ఎముక ముక్కా పడున్నాయి. భుజానికే తగిలింది. అంత దూరం నుంచి గుండు దిగలేదు."

"దిగలేదని నీకెట్లా తెలుసు?"

"పోయినేడు నాదీ దిగలేదు."

గరిటె పక్కన పెట్టేశాను. "మరి నీ ట్యాగు చించావా?"

"లేదు. ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెట్లలో దగ్గర్నుంచి ఇంకోదాన్ని పడగొట్టా. నీ ఫ్రీజరులో పెట్టింది అదే."

ఆ మాంసం నేను ముక్క మిగల్చకుండా వండుకుతిన్నాను. చర్చి భోజనాలకి పట్టుకెళ్ళి, మా మరిది గురి అంటే గురే అని ఊరందరి ముందూ గొప్పలు పోయాను.

"అన్నీ తెలిసే ఆ వాదన పెట్టుకున్నావన్నమాట."

"ఎల్డన్ మాట నిజమంటే నా సంగతీ బయటపడుతుందనిపించింది వదినా. నోరు దానంతట అదే లేచింది."

"సిగ్గులేదురా నీకు? నువ్వు చించాల్సిన ట్యాగు ఆ పిల్ల చేత అంతమందిలో చింపించావు! పొద్దున నోట్లో నాలుక లేదా?"

"ఉంది. కదల్లేదు. రెండుసార్లు లేవబోయా. కాళ్ళు తలుపు వైపే లాగాయి."

బీన్సు అడుగంటిన వాసన వస్తున్నా నేను కదల్లేదు. చివరికి అతనే తలెత్తాడు.

"వచ్చే శనివారం ఆ పిల్లని కొట్టుకి రమ్మని చెప్పా. నువ్వూ రా వదినా. నా తరఫున ఏం మాట్లాడొద్దు. తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చో. నేను మొత్తం చెప్పేదాకా, ఏ సాకు చెప్పినా సరే, నన్ను బయటికి పోనివ్వకు."