సాయంత్రం రైలు ఆరుంబావుకు

2001లో సుధామణి మల్లేపాళ్యం హాల్టులో టికెట్లు అమ్మే పనికి కుదిరినప్పుడు, పొద్దున ఏడింటి బెంగళూరు ప్యాసింజరుకు అక్కడ ఎక్కేవాళ్లు ఐదారుగురికి మించరు. హోసూరుకూ రాయకోటకూ నడుమ చామంతి తోటల పక్కన ఒక గది, ఒక సిమెంటు బెంచీ, పేరు రాసిన బోర్డు, అంతే ఆ హాల్టు. గొర్రెలు కాచుకునే ఇంట్లో పదో తరగతి చదివిన కోడలు కాబట్టి ఆ పని ఆమెకు దక్కింది.

ఆరు నెలలు తిరక్కుండానే రైల్వే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఎక్కేవాళ్లు పెరగకపోతే ఏడాది చివర హాల్టు ఎత్తేస్తారట.

మరునాడు రైలు వెళ్లగానే సుధామణి గదికి తాళం వేసి బస్సు స్టాపుకు నడిచింది. అక్కడ డెబ్బై ఎనభై మంది నిలబడి ఉన్నారు. అందరూ హోసూరు ఫ్యాక్టరీలకో, బెంగళూరు కట్టడాల పనికో పోయేవాళ్లే. ఇందాకటి ఖాళీ రైలు వాళ్ల కళ్ల ముందు నుంచే పోయింది. రైలు ఎందుకు ఎక్కరని ఆమె అడగలేదు. పని ఎన్నింటికి ముగుస్తుంది, ఇంటికి ఎట్లా వస్తారు అని అడిగింది. వెంకటప్ప అనే తాపీ మేస్త్రి ఉన్నమాట చెప్పాడు.

“పోయేదానికి రైలుండాది సరేమ్మా. నా పని ఐదున్నరకు ముగుస్తాది. మీ రైలు నాలుగున్నరకే ఆడ బయల్దేరి వచ్చేస్తాది. నేను ఎట్ల వచ్చేది?”

సుధామణికి దారి దొరికినట్టయింది. మూడు వారాలు అత్త నంజమ్మను వెంటబెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగింది. తెలుగు ఇళ్లలో తెలుగు, తమిళం ఇళ్లలో తమిళం, కన్నడం వాళ్లతో కన్నడం మాట్లాడింది. నంజమ్మ పూలు అమ్మే మనిషి కాబట్టి ఏ ఇంటికి పోయినా మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. ఎవరు ఏ ఊరు, ఏ పని, పని ఎన్నింటికి ముగుస్తుంది అని రెండువందల పన్నెండు మంది వివరాలు రాసుకుని, సాయంత్రం రైలు టైము మార్చమని బడి టీచరు చేత ఇంగ్లీషులో అర్జీ రాయించి రైల్వేకు పంపింది.

రెండు నెలలకు ఒక ఆఫీసరు పొద్దుటి రైలులో వచ్చి అక్కడే దిగాడు. సిమెంటు బెంచీ మీద కూర్చుని ఆ పేర్లన్నీ చదివాడు. టైము మారిస్తే వీళ్లంతా ఎక్కుతారా అని అడిగాడు.

“అందరూ అని చెప్పలేను సార్. సగం మంది ఎక్కినా మీ పెట్టెలు చాలవు” అంది సుధామణి.

ఆయన నవ్వి, ఆ కాగితాలకు జిరాక్సు తీయించుకుని వెళ్లాడు. కొత్త టైంటేబుల్లో సాయంత్రం రైలు బెంగళూరులో ఆరుంబావుకు బయల్దేరేట్టు మారింది.

మొదటి రోజు పొద్దున గది ముందు వరుస చామంతి తోట దాకా సాగింది. సుధామణి చేతులు ఆడినంత వేగంగా టికెట్లు చింపింది. గార్డు పచ్చజెండా ఊపకుండా చివరి మనిషి ఎక్కేదాకా ఆగాడు. ఇన్నేళ్లూ రైలు ఎక్కని నంజమ్మ కూడా ఆ రోజు పూలబుట్టతో మార్కెట్టుకు పోయింది. సాయంత్రం ఖాళీ బుట్టతో దిగి, కోడలిని వెతుక్కుంటూ వచ్చింది.

“కూచోని పోయినాను, కూచోనే వచ్చినాను. నడుము నొప్పే లేదు” అని ప్లాట్‌ఫాం మీద దొరికినవాళ్లందరికీ చెప్పింది.

హాల్టు ఎత్తేసే మాట మళ్లీ రాలేదు. మరుసటి ఏడు రెండు పెట్టెలు తగిలించారు, అవీ నిండాయి. ఒక ఆదివారం భర్త మోహన్‌కుమార్ సుధామణిని బెంగళూరు చూపించడానికి తీసుకుపోయాడు. తిరుగు రైలులో ఆమెకు సీటు దొరకలేదు. ఒకామె జరిగి చోటిస్తానన్నా సుధామణి వద్దంది. ఊరు వచ్చేదాకా కమ్మీ పట్టుకుని నిలబడి, ప్రతి స్టేషన్లో ఎక్కేవాళ్లను చూసి తనలో తాను నవ్వుకుంది.