ఒళ్లో లావు టైరు

గోరంతను కొండంత చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, ముందే చెబుతున్నాను. ఆటోనగర్ నుంచి వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న జాలరి ఒళ్లో, ఏనుగు నడుముకి వడ్డాణమయ్యేంత లావు సైకిల్ టైరు ఉంది.

"ఏటి బావా, విమానానిదా?" అన్నాను.

"ఇసకలో పడవ కాడికెల్లే నా సైకిల్‌ది. ఉప్పుగాలికి తుప్పట్టేత్తే సెయిను మార్సినాను, గేర్లు మార్సినాను. ఇప్పుడు టైరు."

"ఇంక మార్చడానికి ఏటి మిగిలింది?"

ఆయన మోకాలు తట్టి చూపించాడు. "ఇదే. సైకిల్ తొక్కొద్దన్నాడు డాక్టరు. నడిసెల్లి ఇసక దాటలేను. నా వేట అయిపోనాది బావా."

"మరి కొత్త టైరెందుకు?"

"ఇద్దరిలో ఒకలైనా బాగుండాల గదేటి!" అని పకపకా నవ్వాడు.

మల్కాపురంలో టైరు భుజాన వేసుకుని, కుంటుకుంటూ దిగిపోయాడు.

టైరు లావు కాస్త పెంచాను. ఆయన నవ్వడం మాత్రం పూర్తిగా నా కల్పన.