బస్టాండు బొమ్మలో నాయన

మొన్న మా అమ్మాయి ఇండియన్ ఇంక్ సీసా మూత తీయగానే, ఆ ఘాటు వాసనకు చిన్నప్పుడు మదనపల్లెలో చూసిన కార్టూన్ల ప్రదర్శన గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. నాయన బెంగళూరుకు కూలిపనికి వెళ్లి, ఉగాదికి కూడా రాలేదు. అమ్మ నన్ను పుంగనూరు నుంచి మదనపల్లె ఆస్పత్రికి తీసుకొచ్చింది. తిరుగు బస్సుకు ఇంకా టైముందని పక్కనే ఉన్న ప్రదర్శన హాల్లోకి వెళ్లాం. కార్టూన్లు గీసిన పెద్దాయన ఒక మూల బల్ల దగ్గర, ఇంకులో పాళీ ముంచి ఏదో గీసుకుంటున్నాడు.

గోడమీద ఒక బొమ్మలో బెంగళూరు బస్టాండు ఉంది. అంత జనంలోనూ ఒక్కొక్కరి చొక్కా గుండీలు, తెగిన చెప్పుల పట్టీలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. వాళ్ల మధ్య ఒకాయన సంచి బరువుకు భుజం వంచి నిలబడ్డాడు.

“మా, నాయన ఈడుండాడు!” అని అరిచాను.

“ఊరికే ఉండు మే,” అంది అమ్మ.

బొమ్మల్లో వాళ్లంతా నిజం మనుషులే అనుకునేదాన్ని. పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను.

“తాతా, మా నాయన్ను యాడ చూస్తిరి? ఎప్పుడొస్తాడంట?”

ఆయన అమ్మ ముఖంలోకి చూశాడు. “బస్సు కోసరమే నిలబడుండాడు కదమ్మా. వస్తాడులే,” అన్నాడు.

ఆ మాట నమ్మి వీధంతా చెప్పుకున్నాను. నాయన వచ్చింది మాత్రం వానలు పడ్డాకే.

ఆ బొమ్మలో మనిషికి గుబురు మీసాలుండేవి. మా నాయన ఏనాడూ మీసం పెంచలేదు. అమ్మకు అది తెలియనిదా! అయినా ఆ రోజు గుమ్మం దాకా వెళ్లినామె వెనక్కి వచ్చి, ఆ బొమ్మ ముందు ఇంకాసేపు నిలబడింది.