ఏరొచ్చిన ఆదివారం నాటి ఆట

పోయిన శుక్రవారం సాయంత్రం కర్నూలులో మా కూతురింట్లో, మనవరాలు సెల్లు చేతబట్టుకుని వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతుంటే పరీక్షా ఫలితాలేవో రావలసి ఉన్నాయనుకున్నాను. అడిగితే, వాళ్ళ ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగ్‌లో ఫైనల్ ఆడే అర్హత ఉన్నవాళ్ళ పేర్లు ఆ సాయంత్రం వస్తాయని చెప్పింది. అదే జట్టు తరఫున లీగ్‌లో నాలుగు మ్యాచ్‌లైనా ఆడి ఉండాలట. చీలమండ బెణికి కొన్నాళ్ళు ఆడలేదు గనుక తనకు మూడే ఉన్నాయట. నాలుగోదాంట్లో చివర కాసేపు దిగింది గాని, ఆ కాసేపును వాళ్ళు మ్యాచ్‌గా లెక్కేస్తారో లేదో తెలియదట. కాసేపటికి జాబితా వచ్చింది, అందులో దాని పేరు ఉంది. దాని మొహంలోకి రక్తం తిరిగి రావడం చూస్తూ నేను నా కుర్చీలో వెనక్కు వాలాను. మనవరాలి కోసం ఊపిరి పీల్చుకుంటుంటే, ఎప్పుడో నా పడుచుతనంలో మరొకరి కోసం అట్లాగే పీల్చుకున్న ఊపిరి గుర్తుకొచ్చింది.

అప్పటికి నేను కమలాపురంలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేరి ఏడాది కూడా కాలేదు. మా నాయన అదే ఊళ్ళో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరై, చేతులు ఊరికే ఉండలేక ఎనిమిది జట్లతో ఒక ఫుట్‌బాల్ లీగ్ నడిపేవాడు. ఆషాఢంలో మొదలై ప్రతి ఆదివారం మ్యాచ్‌లు జరిగి, పాయింట్లలో పైనున్న రెండు జట్లకూ విజయదశమి నాడు ఫైనల్ అయ్యేది. ఊళ్ళో అంత పెద్ద మైదానం బడిదొక్కటే. దాన్ని పండగ రోజు తప్ప ఇచ్చేవాళ్ళు కాదు. అందుకని లీగ్ మొత్తం ఏట్లోనే. మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు గాని, తక్కినవాళ్ళు ఏట్లో ఆటేమిటని నవ్వుకోవచ్చు. పాపాఘ్ని అని పేరు పెట్టుకున్న మా ఏరు ఏళ్ళ తరబడి ఉత్త ఇసుకే. అందులో ఒకచోట ఒండ్రు ఎండి గట్టిపడి చాప పరిచినట్టు ఉండేది, అదే మా మైదానం. నాలుగు తుమ్మకర్రలు పాతితే గోలు స్తంభాలు. చూడవచ్చినవాళ్ళు గట్టున కూర్చుని, దాహమైతే దిగివెళ్ళి ఇసుకలో తవ్విన చెలమల్లో నీళ్ళు తోడుకుని తాగేవాళ్ళు.

నియమాలన్నీ మా నాయనే రాశాడు, నేను వాటిని అందంగా ఎత్తిరాశాను. సుడిగాలి లేచి బంతి కనబడకపోతే ఏం చేయాలి, గొర్రెల మంద అడ్డం వస్తే ఎంతసేపు ఆగాలి, బంతికి తుమ్మముల్లు దిగితే కొత్త బంతి ఏ జట్టు తేవాలి, ఎవరికైనా ఎండదెబ్బ తగిలితే బదులు ఎవరు దిగాలి, ఇవన్నీ ఉన్నాయి. చివరి విజిల్ పడితేనే మ్యాచ్ పూర్తయినట్టని కూడా ఉంది. ఫైనల్ ఆడాలంటే అదే జట్టుకు లీగ్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడి ఉండాలన్న నియమం మాత్రం ఆ ఏడే కొత్తగా వచ్చింది. అంతకు ముందటేడు ఒక జట్టు వాళ్ళు ఫైనల్ నాటికి ఎక్కడినుంచో నలుగురు ఆటగాళ్ళను బస్సులో దింపారు. వాళ్ళు గెలిచి, కప్పుతో ఫోటో దిగి, తాము ఏ వీధి తరఫున గెలిచారో కూడా తెలుసుకోకుండా సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయారు. మా నాయన దానికి నెల్లాళ్ళు కుమిలిపోయి, ఏట్లో ఎండకు మాడినవాడే పండగనాడు ఆడాలి అని ఈ నియమం పెట్టాడు. మ్యాచ్‌లో ఎవరెవరు దిగారో గొడుగు కింద కూర్చుని రాసుకోవడం నా పని. పాయింట్లు ఎక్కించే పని కూడా నాదే; బజారులో టీకొట్టు గోడకు ఆనించిన ఒక నిలువెత్తు నల్లబండ ఉండేది, దాని మీద సుద్దతో రాస్తే ఊరంతా చూసుకునేది.

మా పక్కింటావిడను మేము వాళ్ళ ఉర్దూలోనే ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. ఆమె భర్త బండల గనిలో పనిచేసి, దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. కొడుకు నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేవాడు, వాడూ అదే బండల మిషన్ల దగ్గర పనికి కుదిరాడు. రాత్రిళ్ళు వాడు దగ్గితే గోడకివతల మాకు వినబడేది. ఆ దగ్గు విని మా అమ్మ దీపం దగ్గర కూర్చుని నిట్టూర్చేది. అయితే వాడు మా వీధి జట్టుకు గోలు కాసే గోలీ. పొడుగు చేతులు, బంతి ఎటు వస్తుందో ముందే తెలిసినవాడిలా నిలబడేవాడు. ఆ ఏడు ఒక చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళు తమ జట్టుకు గోలీ కావాలని, ఉద్యోగం కూడా ఇస్తామని, మా ఫైనల్ చూడడానికి వస్తున్నట్టు మా నాయనకు కబురు పంపారు. ఆ కబురు విన్ననాటి నుంచి ఖాలా మొహంలో కళ వచ్చింది. ఆదివారాలు కూడా లోడింగు ఉండడం వల్ల వాడు అన్ని మ్యాచ్‌లకూ రాలేకపోయాడు. మూడు ఆడాడు. నాలుగోది లీగ్‌లో ఆఖరి మ్యాచ్, మా వీధి జట్టుకూ బజారు జట్టుకూ.

బజారు జట్టును నడిపేది మా మేనమామ. బట్టల కొట్టు, పెద్ద గొంతు, ఓడిపోతే ఆ పూట అన్నం ముట్టని మనిషి. మా నాయనకు బామ్మర్దే అయినా లీగ్ నడిచే నాలుగు నెలలూ ఇద్దరూ పరాయివాళ్ళలా మాట్లాడుకునేవాళ్ళు.

వినాయక చవితి వెళ్ళిన రెండో ఆదివారం అది. మబ్బు తునక లేదు. ఇరుజట్లూ గోలు చేయలేదు, రెండో సగం నడుస్తున్నది. నేను గొడుగు కింద చెమట తుడుచుకుంటూ ఉండగా పైనుంచి ముందు ఒక వాసన వచ్చింది, తడిమట్టి వాసన. తర్వాత ఎగువన పశువులు కాసేవాళ్ళ కేకలు, ఏరొచ్చె, ఏరొచ్చె అని. ఎగువన ఎక్కడో వానలు పడి ఉంటాయి. నాలుగేళ్ళుగా మా ఏట్లో పారే నీళ్ళు చూసినవాళ్ళు లేరు. ఆటగాళ్ళు ఒక్కక్షణం నిలబడిపోయారు, ఆ తర్వాత బంతిని వదిలేసి గట్టుకు పరుగెత్తారు. రెఫరీ కూడా విజిల్ నోట్లోనే పెట్టుకుని, ఊదే సంగతి మరిచి పరుగెత్తాడు. చెత్తా చెదారం, నురగ, ఎండుటాకులు ముందు తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు మెల్లగా, ఏమీ తొందర లేనట్టుగా పాకుతూ వచ్చాయి. ఆడవాళ్ళు దోసిళ్ళతో పట్టి కళ్ళకద్దుకున్నారు. ముసలివాళ్ళు పంచెలు ఎగ్గట్టి మోకాళ్ళ దాకా దిగారు. మా మామ ఎక్కడినుంచో కొబ్బరికాయ తెప్పించి గంగమ్మకు కొట్టి, రెండు జట్లకూ చిప్పలు పంచాడు. మా తుమ్మకర్రలు మా కళ్ళముందే ఒరిగి కొట్టుకుపోతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. మా నాయన గట్టు మీదే ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి చెరొక పాయింటు పంచేశాడు. ఎవరూ కాదనలేదు, అసలు ఎవరి మనసూ అక్కడ లేదు. నీళ్ళొస్తే ఆట సంగతేమిటని అన్ని నియమాల్లో ఎక్కడా ఒక్క ముక్క లేదన్నది ఎవరికీ తట్టలేదు. అన్నీ ఊహించిన మా నాయన నీళ్ళను ఊహించలేదు.

దసరా ఇంకా వారం ఉందనగా మా మామ ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి అసలు మాట తీశాడు.

"బావా, విజిల్ పడకుంటే మ్యాచ్ ముగిసినట్టు కాదని రాసింది నువ్వే గదా. మరి ముగియని మ్యాచు మ్యాచెట్టయితాది? ఆ గోలీకి మూడే ఉండాయి. నాలుగు ల్యా."

మా నాయన నియమాల కాగితాలు తెచ్చి ఇంకోసారి చదివాడు. మళ్ళీ ఆడిద్దామంటే ఏట్లో ఇంకా మోకాటిలోతు నీళ్ళున్నాయి, బడి మైదానం పండగ దాకా దొరకదు. చివరకు అవునన్నాడు. ఇంటి పక్కవాడని నియమం వంచితే రేపు నన్నెవరూ నమ్మరు అని అమ్మతో అన్నాడు గాని, ఆ పూట ఆయనా సరిగా తినలేదు. ఖాలాకు ఆ సంగతి చెప్పవలసినదాన్ని నేనే అయ్యాను. ఆమె కొడుకు జెర్సీ ఉతికి, నీడలో ఆరేస్తున్నది. నేను చెప్పింది విని, దాన్ని తీగ మీదనుంచి తీసి, తడిగానే మడతపెట్టింది.

"మీ నాయన న్యాయం తప్పే మనిషి కాదు పాపా," అంది. "నువ్వేం మనసులో పెట్టుకోవద్దు."

ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు బడికి పోయే ముందు ఫైనల్ సంగతి రాద్దామని టీకొట్టు బండ దగ్గరికి వెళ్ళాను. సుద్ద పట్టుకుని పాయింట్లు ఇంకోసారి కూడి చూశాను. కూడకుండా ఏ అంకెనూ వదలను, అది నా పుట్టుబుద్ధి. మా వీధికి పదకొండు, బజారుకు తొమ్మిది, మూడో చోట ఉన్న రైల్వేగేటు జట్టుకు ఎనిమిది. బజారు వాళ్ళ తొమ్మిదిలో ఒకటి ఏరొచ్చిన నాటిది. ఆ ఒకటి మీద నా చెయ్యి ఆగిపోయింది. వెనక్కు ఇంటికి వెళ్ళాను. మా నాయన గడ్డం గీసుకుంటున్నాడు. మ్యాచే లేదన్నప్పుడు దాని పాయింటు మాత్రం ఎట్లా ఉంటుంది నాయనా అని అడిగాను. ఒక చెంప మీద సబ్బు నురగతో అట్లాగే అద్దంలోకి చూస్తూ నిలబడి, తుడిచెయ్, అన్నాడు. అంతే. సంతోషించాడో, నొచ్చుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

నేను తడిగుడ్డతో మా వీధి అంకె తుడిచి పది వేసి, బజారు అంకె మీద గుడ్డ పెట్టేసరికి ఎదుటి బట్టల కొట్లోంచి మా మామ వచ్చాడు.

"ఏం కోడలా, పొద్దున్నే ఏం తుడుస్తాండావు?"

"ఏరొచ్చిన ఆట పాయింటు మామా. ఆట కాదని తేలింది కదా."

"మరి మాకెన్ని మిగిల్య?"

"ఎనిమిది."

ఆయన బండ మీద కింది గీతలోని ఎనిమిదిని చూశాడు. పాయింట్లు సమానమైతే వాళ్ళిద్దరూ ఆడిన మ్యాచ్‌లో గెలిచినవాళ్ళే పైన. శ్రావణంలో రైల్వేగేటు వాళ్ళు బజారును ఓడించారు. ఆ సంగతి ఆయనకు నేను గుర్తుచేయక్కర్లేదు, ఆ రోజు ఆయన అన్నం తినలేదని ఊరంతటికీ తెలుసు. బెంచీల మీద టీలు తాగుతున్నవాళ్ళు బండవైపు తిరిగారు.

టీకొట్టాయన గిన్నెలోంచి తలెత్తకుండానే, "ఏమప్పా, ఆ పొద్దు ఆటే జరగలేదంటాండావు గదా, మరి నువ్వు కాయ కొట్టింది కల్లోనా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"నువ్వు టీ కాంచుకోప్పా," అన్నాడు మామ. నాకేసి తిరిగి, "మీ నాయన తుడవమన్యాడా?" అని అడిగాడు. అవునన్నాను. "అంటాడు. నియమంలో ఉంటే నన్ను గూడా తుడిచేయమంటాడు మా బావ."

బెంచీ మీద కూర్చుని టీ అడిగి, చివరి చుక్క దాకా తాగాడు. నేను గుడ్డ అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. బడి మొదటి గంట కొట్టడం వినబడుతున్నా కదలలేదు. ఆయన సరే తుడువు అంటే ఖాలా కొడుక్కూ దారి లేదు, ఆయనకూ లేదు. మా మామ పంతానికి అంతపనీ చేయగలడు.

"తొమ్మిదే ఉండనీ కోడలా," అన్నాడు చివరకు. "మీకు మళ్ళా పదకొండు వెయ్యి. ఏరొచ్చిందని ఆగితే ఆడిన ఆట యాడికి పోతాది? ఆ పిల్లోణ్ణి రమ్మను. వాని చేతులు దాటించి గోలు కొడితేనే శానా రుచిగా ఉంటాది."

ఆ మాటే ఆయన మా నాయన దగ్గరా చెప్పాడు, ఇరుజట్లూ ఒప్పుకున్నాయి గనుక మా నాయనా ఒప్పుకున్నాడు. ఆ రోజు నేను బడికి ఆలస్యంగా వెళ్ళినందుకు హెడ్మాస్టరమ్మ చివాట్లు పెట్టింది. అవి విన్నట్టే లేదు. మధ్యాహ్నం ఖాలాకు చెప్పాను. ఆమె గడపలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపటికి గాని లేవలేదు. లేచి తిన్నగా ట్రంకుపెట్టె తెరిచి, మడత విప్పి జెర్సీని మళ్ళీ ఆరేసింది.

ఫైనల్లో మా వీధి ఒక పెనాల్టీకి ఓడిపోయింది. తక్కిన ఆటంతా ఖాలా కొడుకు ఎన్ని ఆపాడో నా దగ్గర లెక్క ఉంది గాని, చెబితే పక్షపాతమంటారు. చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళు ఆటయిన వెంటనే వాణ్ణి పక్కకు పిలిచి మాట్లాడారు. మా మామ కప్పు పట్టుకుని ఊరంతా తిరిగి, మంచి గోలీ ఉండగా గెలిచినామప్పా అని బతికున్నన్నాళ్ళూ చెప్పుకున్నాడు. వాడు బండల దుమ్ములోంచి బయటపడి, ఆ ఉద్యోగంలోనే రిటైరై, ఇప్పటికీ పండక్కి ఫోన్ చేసి అక్కా అంటాడు. మాట్లాడుతున్నంతసేపూ నేను వాడి గొంతులో దగ్గు ఉందేమోనని వింటాను. లేదు.

ఇప్పటి లీగులు కర్నూలులో పచ్చటి కృత్రిమ గడ్డి మీద, దీపాల కింద జరుగుతున్నాయి. వానొస్తే ఏమిటి, కరెంటు పోతే ఏమిటి అని అన్నిటికీ నియమాలున్నాయి. ఎవరు అర్హులో యంత్రమే తేల్చి చెబుతుంది, ఒకరి మంచితనం కోసం ఎవరూ ఎదురు చూడనక్కర్లేదు. అది మంచిదేనని నాకు మనస్ఫూర్తిగా తోస్తుంది. ఆ పొద్దున టీకొట్టు దగ్గర నేను నిలబడ్డంతసేపు నా మనవరాలి కోసం ఇంకెవరూ నిలబడకూడదు. మా నాయన ఆ మరుసటేడే, ఏరొస్తే ఆట ఆపవలెను, ఆడినంతవరకు ఆట ఆటగానే ఎంచవలెను, అని ఒక నియమం చేర్చాడు. లీగ్ ఆగిపోయేదాకా దాన్ని వాడుకునే అవకాశం మాకు మళ్ళీ రాలేదు. తర్వాత లారీలు దిగి ఇసుకంతా ఎత్తుకుపోయాయి, మేము ఆడిన చోట గుంతలే మిగిలాయి. ఈమధ్య కొన్నేళ్ళు వానలు బాగా పడి ఏరు పారిందట. నీళ్ళు వచ్చాయి గాని, వదిలేసి పరుగెత్తడానికి అక్కడ ఆట లేదు.