లెక్కలోకి రాని ఉబ్బసం

1981, శ్రావణమాసం, గురువారం సాయంత్రం. హాజరు: సూపరింటెండెంటు, క్యాజువాల్టీ డాక్టరు, హెడ్ నర్సమ్మ, రికార్డుల గుమాస్తానైన నేను.

నా డైరీలో ఆనాటి పేజీ ఇలాగే మొదలవుతుంది. మాది చిత్తూరులో ఒక ప్రభుత్వాసుపత్రి. క్యాజువాల్టీకి రోజూ ఎంతమంది వస్తున్నారో లెక్కగట్టే పని నాకు అప్పగించారు. ఒక్కో రోగి వెంట సగం ఊరు దిగేది. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, మోసుకొచ్చినవాళ్లనూ ఏడుస్తూ వచ్చినవాళ్లనూ వదిలేసి, రోగికి మాత్రమే గీత గీసేవాణ్ని. ఆ గీతల మీద నాకు కాస్త గర్వం కూడా.

సూపరింటెండెంటు కాగితం చూసి, "ఒక్క డాక్టరుతో ఇంత జనాన్ని ఈడ్చలేం. జనం తక్కువుండే ఆసుపత్రి నుంచి ఒకాయన్ని తెచ్చుకుందాం. యాడుండాదో చెప్పప్పా" అన్నాడు.

చిన్న ఆసుపత్రుల్లో రాసిన రోగుల చీటీల లెక్కలూ నా దగ్గరే ఉండేవి. అన్నిటికన్నా తక్కువ పూతలపట్టు అవతలి ఒక పల్లెలో. అది మా అక్క అత్తగారి ఊరు. అక్కకు ఉబ్బసం. ఊపిరి అందనప్పుడల్లా అక్కడి డాక్టరు సైకిలు మీద ఇంటికే వచ్చి సూది వేసేవాడు.

"ఆయన ఇండ్లకాడికే పోతాడు సార్, చీటీ రాయడు. మా అక్కకు ఎన్ని సూదులేసినాడో, ఒక్కటీ లెక్కలో లేదు" అన్నాను.

"అక్కకు ఉబ్బసమైతే తమ్మునికి ఆయాసం వస్తాండాదే" అంది నర్సమ్మ. అందరూ నవ్వారు.

"రాయనిది నాకెట్లా కనపడతాదప్పా?" అన్నాడు సూపరింటెండెంటు. "అక్క కోసం చెప్తాండావా, లెక్క ప్రకారం చెప్తాండావా?"

నేను చెప్పింది నిజమే. కానీ అక్క కోసం లెక్క మారుస్తున్నాననుకుంటారేమోనని వెనక్కి తగ్గాను.

"లెక్క ప్రకారమైతే ఆ ఆసుపత్రే సార్."

వెంటనే జీపులో కబురు వెళ్లింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే ఆ డాక్టరు రెక్సిన్ సంచితో వచ్చాడు. ఆయన వెనకే, గోడ పట్టుకుని, ఊపిరందక భుజాలు ఎగరేస్తూ మా అక్క. ఆయనే ఆమెను నా స్టూలు మీద కూర్చోబెట్టి, లోపలి నుంచి మందు తెప్పించి సూది వేశాడు. కాసేపటికి ఆమెకు మాట వచ్చింది.

"తెల్లారి ఆయాసమొచ్చి ఈయప్ప ఇంటికి పోతే బీగమేసుండాది. బస్సుకాడ పట్టుకున్నా. మందులన్నీ ఆడనే అప్పజెప్పి వచ్చేస్తాండాడు. నేనూ ఆ బస్సే ఎక్కేస్తి. మా ఊర్లో జనమే లేరని చెప్పిన మారాజు ఎవురురా? నీకేమన్నా తెలుసునా?"

చీటీ రాసి ఆమె చేతికిచ్చి, ఆనాటి కాగితం మీద ఒక గీత గీశాను. అక్క ఉబ్బసం లెక్కలోకి ఎక్కడం అదే మొదలు.